‘ఎంతవుతుంది?’ అనే ముందు ‘ఇంత ఉంది’ అనండి

(విజయవాడలో పచ్చళ్లు, పిండివంటలు, చీరల వ్యాపారాలు చేసుకునే వారి సమావేశంలో ఒక కమర్షియల్ ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా, అక్కడక్కడా కుదించి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. భోజనాల ముందు మాట్లాడమన్నారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను.

నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇలా ఉంటాయి. "అన్నా, మా ప్రొడక్టులకి ఫొటోలు తీయాలి, ఎంతవుతుంది?" "ఎన్ని ప్రొడక్టులండీ?" "ఓ ఇరవై, పాతిక ఉంటాయి." "ఫొటోలు దేనికి వాడతారు?" "అన్నిటికీ." "బడ్జెట్ ఎంత అనుకున్నారు?" అంతే, అవతల మాట ఆగిపోతుంది. కాసేపటికి, "అది మీరే చెప్పాలి, మీరు చెప్తే చూద్దాం" అంటారు. నేను గాల్లో ఒక అంకె చెప్తాను. "అబ్బో, మా ఇంట్లో అడిగి చెప్తానండీ" అంటారు. ఆ ఇంట్లో వాళ్లు ఎవరో గానీ, ఇప్పటిదాకా తిరిగి ఫోన్ చేయలేదు.

నవ్వుతున్నారంటే ఇక్కడ కూడా అలా ఫోన్ చేసినవాళ్లు ఉన్నారన్నమాట.

ఇదే పెద్దమనిషి ఇంట్లో పెళ్లికి క్యాటరింగ్ ఆయనతో ఎలా మాట్లాడతారో చూడండి. "ప్లేటు నాలుగు వందల్లో చూడు బాబూ, స్వీట్లు రెండుండాలి, చివర్లో ఐస్‌క్రీమ్" అని మొదటి మాటలోనే అంకె చెప్పేస్తారు. అక్కడ భయం లేదు. నాలుగు వందలకి ఆకులో ఏమేం పడాలో మీకు తెలుసు కాబట్టి. ఒక స్వీటు తగ్గితే ఎదురుగా కనిపిస్తుంది, అడుగుతారు. ఫొటోగ్రాఫర్ దగ్గర ఆ లెక్క కనపడదు. మనిషి వచ్చాడు, బటన్ నొక్కాడు, వెళ్లిపోయాడు. నొక్కినందుకు 80 వేలా అని కడుపు మండుతుంది. అందులో మీ తప్పేమీ లేదు. మా వాళ్లు లెక్క విప్పి చూపించకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

కాబట్టి ఇవాళ ఒక కాగితం విప్పుతాను. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే, ఊరిని బట్టి, మనిషిని బట్టి మారతాయి. కానీ ఖాతాలు ఇవే ఉంటాయి.

ఒక పచ్చళ్ల వ్యాపారం అనుకుందాం. 24 రకాలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఒక్కో సీసాకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక ఫొటో కావాలి. దాంతోపాటు వెబ్‌సైట్ మొదటి పేజీకి, అట్టపెట్టె మీదికి, ఊళ్లో పెట్టే హోర్డింగుకి ఆరు పెద్ద ఫొటోలు కావాలి. పెద్ద ఫొటో అంటే వేడన్నంలో ఆవకాయ, పైన కరుగుతున్న నెయ్యి, పక్కన పచ్చి మామిడికాయ. చూడగానే నోరూరేలా ఉండాలి. పని ఒక్క రోజు, పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా.

ఫొటోగ్రాఫర్ ఫీజు 25 వేలు. ఇద్దరు అసిస్టెంట్లకి 4 వేలు. స్టూడియో అద్దె 10 వేలు. లైట్లు, లెన్సుల అద్దె 6 వేలు. ఫుడ్ స్టైలిస్టుకి 15 వేలు. పళ్లేలు, గుడ్డలు, ఆకులు, కాయలు లాంటి ప్రాప్స్‌కి 5 వేలు. అందరి భోజనాలు, బండి ఖర్చు 3 వేలు. చివరికి 30 ఫొటోలకి రీటచింగ్, అంటే తీసిన ఫొటోని కంప్యూటర్లో సరిదిద్దడం, ఒక్కోదానికి 400 చొప్పున 12 వేలు. మొత్తం 80 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 14,400. మొత్తం కలిపి మీ చేతిలోంచి వెళ్లేది 94,400.

ఇందులో నాకు మిగిలేది ఆ 25 వేలే. అందులోంచే కెమెరా వాయిదాలు కట్టాలి, షూట్ లేని రోజులు గడపాలి. అది నా గోల, దాన్ని వదిలేద్దాం. మీకు కావాల్సింది వేరే ఉంది. ఈ కాగితం మీ చేతిలో ఉండి "మా దగ్గర 50 వేలే ఉన్నాయండీ" అన్నారనుకోండి, అప్పుడు బేరం మానేసి కాగితం మీద పని మొదలుపెట్టొచ్చు. స్టూడియో తీసేస్తే 10 పోయాయి, మీ గోడౌన్‌లోనే తీద్దాం. స్టైలిస్ట్ 15, ప్రాప్స్ 5 కూడా తీసేస్తే సరిగ్గా 50కి వచ్చింది. బాగానే ఉంది. మరి ఏం పోయింది?

24 సీసాల ఫొటోల్లో దాదాపు ఏమీ పోలేదు. అమెజాన్ లాంటి చోట మొదటి ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపుగా ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. దానికి కళాపోషణ అక్కర్లేదు, ఓపిక, శుభ్రత చాలు. ఒకసారి లైటు సెట్ చేసుకుంటే సీసాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. దెబ్బ అంతా ఆ ఆరు పెద్ద ఫొటోల మీద పడుతుంది. స్టైలిస్ట్ లేకుండా, ఇంట్లో ఉన్న పళ్లెంలో మనమే వడ్డించుకుని తీస్తే అది అన్నం ఫొటోలా ఉంటుంది గానీ, హోర్డింగ్ ఎక్కే ఫొటోలా ఉండదు.

ఆ 50 మాట మీరు ముందే చెప్పి ఉంటే నేను వేరే దారి చెప్పేవాణ్ణి. "ఆరు వద్దు సార్, రెండే చేద్దాం, కానీ ఆ రెండూ గట్టిగా చేద్దాం. స్టైలిస్ట్‌ని సగం రోజుకి 7,500కి పిలుద్దాం. ఒక అసిస్టెంట్ చాలు. స్టూడియో బదులు మీ గోడౌన్‌లోనే తీద్దాం. గిన్నెలూ గుడ్డలూ మీ ఇంట్లోవే తెండి. రీటచింగ్ 26 ఫొటోలకే కాబట్టి 10,400 అవుతుంది." లెక్క కట్టండి, 53,900. ఆ పైన 3,900 కోసం ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవచ్చు. హోర్డింగుకి కావాల్సింది ఎలాగూ ఒకటో రెండో ఫొటోలే. అంకె చెప్పకుండా దాచిపెట్టి, నా 80 కొటేషన్ చూసి బెదిరి, 45కి వస్తానన్న ఇంకొకరిని పెట్టుకున్నారనుకోండి, ఆరు ఫొటోలూ వస్తాయి. హోర్డింగుకి మాత్రం ఒక్కటీ పనికిరాదు.

ఆ స్టైలిస్ట్ 15 వేలకి ఏం చేస్తుందని చాలామంది అడుగుతారు. సీసాలో ఆవకాయ మీరు చూసే ఉంటారు. రెండు రోజులు కదలకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, పిండి అడుగున దిగుతుంది, ముక్కలు గాజుకి ఎటుపడితే అటు అతుక్కుంటాయి. కెమెరాకి అది మడ్డి పట్టినట్టు కనిపిస్తుంది. ఆవిడ సీసా మొత్తం పళ్లెంలోకి ఒంపి, ముక్కలు ఏరి, టెంక కనపడే వైపు, తొక్క మెరిసే వైపు చూసుకుని ఒక్కొక్కటిగా చిమటాతో గాజు వెంబడి పేరుస్తుంది. మధ్యలో పిండి కూరుతుంది. మెడ దగ్గర అంటిన నూనెని ఇయర్‌బడ్‌తో తుడుస్తుంది. లేబుల్ మీద వేలిముద్ర పడితే మళ్లీ కొత్త లేబుల్ వేస్తుంది. ఒక్క సీసాకి ముప్పావుగంట పడుతుంది. అందుకే పెద్ద ఫొటోకి ఒక సీసా చాలు, 24కీ ఇలా చేయమంటే దానికే పద్దెనిమిది గంటలు కావాలి.

ఇంకోటి. ఆవకాయ ఫొటో పక్కన ఆకుతో ఉన్న పచ్చి మామిడికాయ కావాలంటారు, షూట్ నవంబరులో పెడతారు. పునాస కాయ దొరికితే సరేసరి, లేకపోతే ఒక మనిషిని రెండు మార్కెట్లు తిప్పాలి. ఈ ఖర్చు కూడా ఆ కాగితంలో ప్రాప్స్ అనే చోటే కూర్చుంటుంది. ఆ ఒక్క ఫొటో వేసవిలో తీసి పెట్టుకుంటే మామిడికాయకి పైసా ఖర్చుండదు, పచ్చడి పట్టే రోజు నాలుగు కాయలు పక్కన పెడితే సరిపోతుంది. సీజన్‌ని బట్టి ప్లాన్ చేసుకోవడానికి కూడా మనం ముందే కూర్చోవాలి కదా.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. ఇందాక టీ దగ్గర ఒకాయన నన్ను పక్కకి లాగి అడిగారు: "బాబూ, మేం 80 అంటే నువ్వు 50 పనికి కూడా 80 వేయవని గ్యారంటీ ఏంటి?" గ్యారంటీ లేదండీ. అలా వేసేవాళ్లు ఉన్నారు, మా వృత్తిలోనూ ఉన్నారు. కానీ దానికి మందు అంకె దాచడం కాదు. దాచితే మీకు తెలియని లెక్కలో మీరే చీకట్లో తడుముకుంటారు. ముగ్గురు ఫొటోగ్రాఫర్లకి ఒకే కాగితం ఇవ్వండి. ఎన్ని వస్తువులు, ఎన్ని ఫొటోలు, ఎక్కడ వాడతారు, ఎప్పటికి కావాలి, ఎంత దాటకూడదు. ఆ డబ్బులో ఏమిస్తారో ముగ్గుర్నీ రాసిమ్మనండి. అప్పుడు ధర ఒకటే కాబట్టి సరుకు పోల్చుకోవచ్చు. ముగ్గురికి మూడు రకాలుగా చెప్పి మూడు ధరలు తెచ్చుకుంటే పోల్చడానికి ఏమీ ఉండదు, తక్కువున్న అంకె మీదే కన్ను పడుతుంది.

ఇంకో పరీక్ష చెప్తాను, ఇది నాకూ వర్తిస్తుంది. 80 చెప్పిన మనిషిని 60కి చేయమని అడగండి. "సరే, అయితే ఇదీ ఇదీ తగ్గుతాయి" అన్నాడంటే అతని లెక్కలో నిజం ఉంది. ఏమీ తగ్గించకుండా "మీ కోసం చేస్తాలే అన్నా" అన్నాడంటే, ముందు చెప్పిన ఆ 20 ఎందుకున్నాయో ఆలోచించుకోండి.

బడ్జెట్ నిజంగానే తెలియనివాళ్లుంటారు. మొదటిసారి తీయిస్తున్నప్పుడు ఎవరికైనా ఎలా తెలుస్తుంది? సిగ్గుపడాల్సిన పనిలేదు. "ఎంతవుతుందో తెలీదండీ, లక్ష దాటితే మాత్రం మా వల్ల కాదు" అనండి. ఆ ఒక్క మాటతో నాకు సగం దారి దొరుకుతుంది. మోడల్స్ వద్దు, రెండో రోజు వద్దు, బయట ఊరు వద్దు అని అక్కడికక్కడే కొట్టేసుకుంటాను. మీకు నచ్చిన రెండు ఫొటోలు కూడా పంపితే, అవి లక్షలో అయ్యేవో కావో మొహమాటం లేకుండా చెప్తాను. కాకపోతే ఒక్కటి, చెప్పిన అంకె నిజమైనదై ఉండాలి. జేబులో 80 పెట్టుకుని 40 అన్నారంటే, 40కి తగ్గ షూటే తయారవుతుంది. షూట్ రోజు "ఇంకాస్త రిచ్‌గా ఉంటే బాగుండేది" అంటే అప్పటికప్పుడు నేనేం తేగలను?

చీరలవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు, మీ లెక్క వేరే. ఒక్క రోజులో 60 చీరలు మోడల్ మీద తీసివ్వమని అడుగుతారు. చీర మార్చడం, కుచ్చిళ్లు సర్దడం, కొంగు అంచు కనపడేలా పిన్నులు పెట్టడం, బ్లౌజు మ్యాచ్ చేయడం, అన్నీ కలిపి ఒక్కోదానికి అరగంట. పదిహేను దాటితే ఆ అమ్మాయి మొహంలో అలసట కనిపిస్తుంది. 60 చీరలు మోడల్ మీదే కావాలంటే నాలుగు రోజుల డబ్బు కావాలి. అంత లేదంటే 10 చీరలు మోడల్ మీద, మిగతా 50 బొమ్మ మీదో, పరిచో తీద్దాం. ఏ పది అన్నది మాత్రం మీరే నిర్ణయించాలి. ఏవి అమ్ముడుపోతాయో మీకు తెలిసినంత నాకు తెలీదు. మంగళగిరి నూలు చీర పరిచి తీసినా అందంగానే ఉంటుంది. గద్వాల పట్టు అంచుకి మాత్రం మనిషి మీద వెలుగు పడాలి.

అన్నిసార్లూ డబ్బు తక్కువైతే ఫొటో తగ్గుతుందని కూడా అనుకోకండి. ఒకసారి చీమకుర్తిలో గ్రానైట్ పని చేశాను. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయి తెలుసు కదా, నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. పాలిష్ చేస్తే అద్దంలా అయిపోతుంది. ఫొటో తీస్తే రాయి కంటే ముందు నేను, నా లైటు, వెనకున్న రేకుల షెడ్డు కనిపిస్తాం. స్లాబులని స్టూడియోకి తేలేం, అక్కడికే పెద్ద లైట్లు, తెరలు తీసుకెళ్లాలంటే ఖర్చు. ఆ యజమాని మొదటి ఫోన్‌లోనే అంకె చెప్పేశారు, అందులో లైట్ల అద్దె పట్టదు. సరే, లైట్లు లేకుండా ఎలా అని ఆలోచించాం. స్లాబులు షెడ్డు నీడలో ఆకాశం వైపు వాలుగా నిలబెట్టించి, ఎదురుగా రెండు తెల్ల పంచెలు కుట్టించి కట్టి, ఎండ ముదరకముందే తీసేశాం. వెలుగు ఒక కోణంలో తగిలితేనే ఆ చుక్కలు లేస్తాయి, ఆ కోణం సూర్యుడే ఇచ్చాడు. అంకె తెలియకపోతే నేను లైట్లతో కొటేషన్ పంపేవాణ్ణి, ఆయన వద్దనుకునేవారు.

హక్కుల గురించి రెండు మాటలు, ఎందుకంటే డబ్బు ముడి ఇక్కడ కూడా ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి మీ పని మీద ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, దాని మొదటి హక్కుదారు మీరే. అమెరికాలో సాధారణంగా ఇలా ఉండదు, ఫొటోగ్రాఫర్‌కే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన అక్కడి ఒప్పంద పత్రాన్ని యథాతథంగా పెట్టి సంతకం చేయించేవాళ్లున్నారు, చదవకుండా చేసేవాళ్లూ ఉన్నారు. హక్కు తన దగ్గర పెట్టుకుని ధర తగ్గిస్తానంటే అది తప్పేమీ కాదు, అది కూడా ఒక బేరమే. కానీ తర్వాత ఆ హక్కు మీకు రాసిచ్చేటప్పుడు జాగ్రత్త. కాలం రాయకపోతే 19వ సెక్షన్ కింద అయిదేళ్లే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ పచ్చళ్లు డల్లాస్‌లో మనవాళ్ల షాపుల్లో అమ్ముతుంటే ఆ ఒక్క లైను ఎంత ముఖ్యమో మీరే చూసుకోండి. మోడల్ ఉంటే ఆ అమ్మాయి ఫీజు కూడా వాడకాన్ని బట్టే ఉంటుంది. ఇన్‌స్టాలో ఏడాది వాడటానికి ఒక ధర, హైవే పక్కన హోర్డింగుకి ఇంకో ధర. "అన్నిటికీ" అన్నారంటే అన్నిటికీ డబ్బు పడుతుంది. నిజంగా అన్నిటికీ కావాలా?

చెల్లింపు సంగతి. మీకు జీఎస్టీ ఉంటే నా బిల్లులోని పన్ను నిబంధనల ప్రకారం క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు, లేనివాళ్లకి అది పూర్తి ఖర్చు. కాబట్టి బడ్జెట్ చెప్పేటప్పుడు "జీఎస్టీతో కలిపా, విడిగానా" అన్నది తేల్చండి, సగం గొడవలు అక్కడే వస్తాయి. టీడీఎస్, అంటే నా తరఫున ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను, కోసుకుని ఇస్తామంటే అదీ ముందే చెప్పండి. ఇక ఫొటోగ్రాఫర్‌కి చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, మీరు డబ్బు ఆలస్యం చేశారనుకోండి, 2006 ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం ఎన్ని రోజులకి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, రాతపూర్వకంగా ఏమీ లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక వచ్చింది. గడువు దాటిన ఆ బిల్లుని మీరు ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఏడాది ఖర్చుగా చూపించలేరు, ఎప్పుడు కడితే అప్పుడే. మీ ఆడిటర్‌ని అడగండి, చెప్తారు.

"ఎలాగూ వచ్చారుగా" అనే మాట గురించి చెప్పకపోతే మా వాళ్లు నన్ను క్షమించరు. షూట్ సాయంత్రం అయిదింటికి, అందరూ సర్దుకుంటుంటే, "ఎలాగూ కెమెరా తెచ్చారుగా, ఒక చిన్న రీల్... పనిలో పని మా నాన్నగారిది ఒక ఫొటో, ఆఫీసులో ఫ్రేము కట్టిస్తాం..." నాన్నగారి ఫొటో సంతోషంగా తీస్తాను. రీల్ అంటే మాత్రం వేరే లైటు, వేరే ఎడిటింగ్, ఇంకో రోజు పని. పొద్దున అడిగితే సర్దేవాళ్లం. వారం ముందు అడిగితే అసలు షూట్‌నే అలా పేర్చేవాళ్లం.

వెనక వరసలో మన ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లు కొందరున్నారు, మీకూ చెప్పాలి. "బడ్జెట్ ఎంత?" అని అడిగి, జవాబు విని, "ఓకే సార్" అని పెట్టేస్తే వాళ్లు అనుమానపడటంలో తప్పేముంది? అంకె వినగానే అందులో ఏం వస్తుందో, ఏం రాదో అక్కడే చెప్పండి. రోజుకింత అని ఒక్క ముక్క పంపకండి, విడగొట్టి రాయండి. మీ పనికి తగని చిన్న అంకె వస్తే వెటకారం చేయకండి. 24 సీసాలకి తెల్ల బ్యాక్‌గ్రౌండే కావాలంటే ఒక్కో ఫొటోకి ఇంత అని తీసే కుర్రాళ్లున్నారు, వాళ్ల నంబరు ఇవ్వండి. రోజువారీ ఇన్‌స్టా పోస్టులకైతే కిటికీ పక్కన బల్ల వేసి ఫోన్‌తో తీసుకోమని చెప్పండి. నేను అలాగే చెప్తాను, దానివల్ల నా పని ఏమీ తగ్గలేదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మా బావమరిది దగ్గర మంచి కెమెరా ఉంది...)

ఉంటే తీయించుకోండి సార్! కానీ ఆయనకి కూడా కాగితం రాసివ్వండి. చుట్టాల దగ్గర డబ్బు మాట ఎత్తకపోతే నచ్చని ఫొటోని నచ్చలేదని చెప్పలేరు, మళ్లీ తీయమని అడగలేరు. ఎంతో కొంత ఇస్తేనే అడిగే నోరు ఉంటుంది.

(ఒక శ్రోత: అనుకున్న దానికంటే ఖర్చు పెరిగితే?)

ఎందుకు పెరిగిందన్నదాన్ని బట్టి. నా లైటు పేలితే నాది. మీ సరుకు మధ్యాహ్నం దాకా రాక స్టూడియో ఇంకో అరపూట తీసుకోవాల్సి వస్తే మీది. వాన పడి బయట షూట్ ఆగితే, దానికి ఏం చేయాలో ముందే ఒక లైను రాసుకోవాలి. పదో వంతు విడిగా పెట్టుకోమంటాను నేను. అది ఉందని ఫొటోగ్రాఫర్‌కి చెప్పినా ఫర్వాలేదు, కానీ మీ అనుమతి లేకుండా తాకకూడదని కూడా చెప్పండి.

(ఒక శ్రోత: కొత్త మనిషికి అడ్వాన్స్ ఎంత ఇవ్వాలండీ? మొత్తం ముందే ఇమ్మంటున్నారు కొందరు.)

మొత్తం ఇవ్వకండమ్మా. సగం ఇస్తే స్టూడియో, స్టైలిస్ట్ బుకింగులు అయిపోతాయి. షూట్ రోజు సాయంత్రం కొంత, ఫైనల్ ఫొటోలు చేతికొచ్చాక మిగతాది. ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారో కూడా రాయించుకోండి, రెండుసార్లు అన్నది మర్యాద. మీది పిండివంటల వ్యాపారం అన్నారు కదా, అరిసెలూ సున్నుండలూ అయితే సంక్రాంతికి ముందు తీయించకండి, అప్పుడు స్టైలిస్టులు దొరకరు, దొరికినా రేటు ఎక్కువ చెప్తారు. ఆగస్టులో పెట్టుకోండి.